అంటుమామిడియు, అమ్మ యిచ్చిన మూత్రపిండమును

కొన్ని యేండ్ల క్రిందట మన పాఠశాల బహుమతి ప్రదానోత్సవమున నేనొక చిన్న యుపన్యాసము చేసితిని. సభవారు చప్పట్లు కొట్టిరి. అయితే ఆనాడు నేను చెప్పిన యుపమానము తప్పు. తప్పని తెలిసిన పిమ్మట దానిని అదే వేదికపై దిద్దుకొను నవకాశము నాకు దొరకలేదు గనుక, ఈ పత్రికా ముఖమున దిద్దుకొనుచున్నాను.

సంగతి యిది. దివిసీమ నుండి వచ్చి మన వసతిగృహములో చదువుకొనిన బాలుడొకడు పదవ తరగతి ముగియు నాటికి మూత్రపిండములు రెండును చెడిపోయి మంచమెక్కెను. తల్లి తన మూత్రపిండముల నొకదాని నిచ్చెను. ఆపరేషను జయప్రదముగా జరిగెను. మరుసటి యేడు వాడు నిండు మొగముతో ఉత్సవమునకు వచ్చెను. ఆ మొగము నిండుటకు మందులును కొంత కారణమని అప్పుడు నే నెరుగను. వానిని వేదికపై నిలువబెట్టి యిట్లంటిని: "నూజివీడు తోటలలో నాటుమొక్కపై చిన్నరసము కొమ్మను అంటుకట్టుదురు. అంటు పట్టినదాక రైతునకు దిగులు; పట్టిన తరువాత రెండును ఒక్క చెట్టే. పౌలు అపొస్తలుడు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఒలీవ చెట్టుకు అడవి కొమ్మను అంటుకట్టుటను గూర్చి చెప్పలేదా? మన వానికిని అంటు పట్టినది. ఇక భయము లేదు."

రెండేండ్లు గడచినవి. బాలుడు గుడివాడలో ఒక దుకాణమున పద్దులు వ్రాయు పనికి కుదిరెను. మాత్రలు నెలకు చాలినన్ని కొనుటకు జీతము చాలదు. ఒక నెల సగము కొనెను, ఏమియు కాలేదు. మరుసటి నెల పూర్తిగా మానెను. అప్పుడును ఏమియు కానట్లే యుండెను. నొప్పి లేదు, జ్వరము లేదు. కాళ్లవాపు కనబడునాటికి అమ్మ యిచ్చిన మూత్రపిండము చాలవరకు చెడియుండెను. నేను చూడబోయినప్పుడు వాడు తల వంచుకొని, "అంటు పట్టిందని మీరే అన్నారు గదా మాష్టారూ" అనెను. నిందించుటకు కాదు, నిజముగనే వాడు అట్లు నమ్మెను. ఇప్పుడు వారమునకు మూడుసార్లు డయాలిసిసునకు పోవుచున్నాడు.

ఆ మాట విన్నది మొదలు ఈ విషయమును గూర్చి నాకు చేతనైనంత చదివితిని. పిల్లలకును తలిదండ్రులకును తెలియవలసినది నాకు తోచినంతవరకు వ్రాయుచున్నాను.

మామిడికి మామిడిని అంటుకట్టినప్పుడు కోసిన చోట రెండు కాండముల లేతపొరలు కలిసి అతుకుకొనును. చెట్టునకును తెగుళ్ల నెదుర్కొను శక్తి కలదు గాని, ఊరంతయు తిరుగుచు వచ్చిన వారి నెల్ల "నీ వెవరవు?" అని ప్రశ్నించు సంచార భటులు దానిలో లేరు. మన నెత్తుటిలో ఉన్నారు. తెల్ల రక్తకణములలో టీ-కణములని చెప్పబడునవి ప్రతి కణముపై నుండు గుర్తులను తడిమి చూచును. ఆ గుర్తులలో సగము తల్లి నుండియు సగము తండ్రి నుండియు మనకు వచ్చును. కాబట్టి బిడ్డకు అమ్మ మూత్రపిండమే యైనను సగము పరాయిదే! తల్లి ప్రేమకు ఆ కణములయొద్ద చెల్లుబాటు లేదు. ఒకే అండము నుండి పుట్టిన కవలది తప్ప, వచ్చిన అవయవమేదైనను ఇల్లరికపుటల్లుడే; ఇంటిల్లిపాదికి అన్నము పెట్టుచున్నను, వాకిట నిలుచున్న వారికి వాడు పరాయివాడే.

ఈ భటులకు జ్ఞాపకశక్తియు కలదని 1943వ సంవత్సరమున తెలియవచ్చెను. యుద్ధకాలమున కాలిన గాయములకు చర్మము నతికించు పని మీద పీటర్ మెడావర్ అను శాస్త్రజ్ఞుడు గ్లాస్గో పట్టణపు ఆసుపత్రికి వెళ్లి, గిబ్సన్ అను శస్త్రవైద్యునితో కలిసి ఒక రోగిని పరిశీలించెను. తోడబుట్టినవాని చర్మమును మొదట అతికించినప్పుడు అది కొంతకాలము నిలిచి నశించెను. అదే మనిషి చర్మమును రెండవమారు అతికించినప్పుడు ఇంకను త్వరగా నశించెను. శరీరము ఊరక తిరస్కరించుటయే గాక, ఎవరిని తిరస్కరించినదో గుర్తుంచుకొనుచున్నదన్నమాట.

1954 డిసెంబరులో బోస్టను నగరమున జోసెఫ్ ముర్రే అను వైద్యుడు మొట్టమొదట మూత్రపిండమును మార్చి నిలుపగలిగెను. అది ఒకే అండము నుండి పుట్టిన కవల సోదరుల మధ్య జరిగినది. గుర్తులన్నియు ఒకటే యగుటచే భటులు అడ్డుపడలేదు. ఆ రోగి ఎనిమిదేండ్లు జీవించెను. అయితే లోకములో అందరికిని కవలలు ఉండరు గదా! 1962లో అదే ముర్రే మరణించిన యొకరి మూత్రపిండమును అజాథయోప్రిను అను మందు సాయముతో ఒక రోగికి ఏడాదికి పైగా నిలిపెను. పిమ్మట వచ్చిన మందులలో సైక్లోస్పోరిను నార్వే దేశపు మట్టిలోని బూజు నుండి దొరకినది. నేడు విరివిగా వాడబడు టాక్రోలిమసు, జపాను దేశమున సుకుబ అను చోటి మట్టిలోని సూక్ష్మజీవి నుండి 1984లో కనుగొనబడినది. కాలిక్రింది మట్టిలో నున్న ఆత్మరక్షణ మందులే మనుష్యుని రక్షక భటులను జోకొట్టుచున్నవి. మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో అమెరికాలో తయారైన మెథోట్రెక్సేటునకును ఈ చరిత్రలో చోటు కలదు. ఎముకమజ్జను మార్చినప్పుడు కథ తలక్రిందులై, వచ్చిన మజ్జయే యింటివారిపై తిరుగబడుట కలదు. అట్లు తిరుగబడకుండ ఆపుటకు దానిని వాడుదురు.

మన దేశమున మూత్రపిండపు మార్పిడి తొలుత జయప్రదముగా జరిగినది 1971లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో. 1900లో ఐడా స్కడ్డరు దొరసాని ఒక్క మంచముతో ఆరంభించిన చికిత్సాలయమది. కాట్పాడి స్టేషనులో దిగి ఆ ఆసుపత్రికి పోయిన కుటుంబములు మన ప్రాంతమున నెన్నియో కలవు. మిషను సంస్థలో చదువుకొను పిల్లలు ఈ సంగతిని తెలిసికొనుట మంచిది.

ఈ మందులు భటులను జోకొట్టును గాని, వారికి క్రొత్త పాఠము నేర్పవు. మందు తప్పిన రోజున వారు మేల్కొందురు. అవయవమును తమదిగా ఎంచుకొని, మందు లేకయే దాని నూరకుండనిచ్చు స్థితినే నిజమైన సహనమని శాస్త్రజ్ఞు లందురు. అది కలుగునా అను ప్రశ్నకు తొలి ప్రత్యుత్తరము వచ్చినది పశువుల కొట్టము నుండియే.

మగదూడతో కవలగా పుట్టిన ఆవుదూడ చాలవరకు గొడ్డుపోవునని పశువులను మేపువారు ఎరుగుదురు. తల్లి గర్భములో ఆ రెండింటి మాయలు కలిసి, ఒకదాని నెత్తురు మరియొకదానిలోనికి ప్రవహించుటయే దానికి కారణము. 1945లో రే ఓవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అట్టి కవల పశువుల నెత్తురును పరీక్షించి, పెరిగి పెద్దవైన తరువాతను ఒక్కొక్కదానిలో రెండు రకముల రక్తకణములు ఏ కలహమును లేక కలిసి యుండుటను కనుగొనెను. కొంతకాలమునకు మెడావరు, అతని సహచరులు అట్టి కవలలలో ఒకదాని చర్మమును వేరొకదానికి అతికించి చూచిరి. అతుకు నిలిచెను! 1953లో బిల్లింగ్హాము, బ్రెంటు అను వారితో కలిసి మెడావరు దీనిని ఎలుకలలో కావలెనని చేసి చూపెను. పుట్టకమునుపే ఎలుకపిల్లలోనికి వేరొక జాతి యెలుక కణములను ఎక్కించిరి. అది పెరిగిన తరువాత ఆ జాతి చర్మమును తనదానివలెనే భరించెను. మూడవ జాతి చర్మమును మాత్రము ఎప్పటివలెనే త్రోసివేసెను. బలహీనమై ఊరకుండుట వేరు, ఎరిగి ఊరకుండుట వేరని దీనివలన తేలినది. మెడావరు, బర్నెటు అను వారలకు 1960లో నోబెలు బహుమానము వచ్చెను.

ఈ యూరకుండుటకు కావలివారు శరీరములోనే ఉన్నారని చాలమంది నమ్మలేదు. షిమాన్ సకాగుచి అను జపాను శాస్త్రజ్ఞుడు మాత్రము పట్టు విడువక, తోటి భటులను అదుపులో నుంచు ఒక తెగ టీ-కణములు కలవని 1995లో చూపెను. ఆ తెగకు ఆధారమగు జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను వారు 2001లో కనుగొనిరి. ఈ ముగ్గురికిని 2025లో నోబెలు బహుమానము లభించెను. దీనిని చదివినప్పుడు నాకు మన పాఠశాల జ్ఞాపకము వచ్చినది. గోడదూకువారిని పట్టుకొను కావలివాడు కనబడును. పిల్లవాడు చేయెత్తబోవగా ఆ చేతిని పట్టి యాపు పెద్ద విద్యార్థి ఎవరి కంటను పడడు.

మనుష్యులలో సయితము ప్రయత్నము జరిగినది. బోస్టనులోని మసాచుసెట్సు జనరలు ఆసుపత్రి వైద్యులు గుర్తులు పూర్తిగా కలియని దాతల నుండి మూత్రపిండముతో పాటు ఎముకమజ్జను గూడ ఐదుగురికి మార్చి, వారిలో నలుగురు మందులన్నియు మానివేసియు మూత్రపిండమును నిలుపుకొనినట్లు 2008లో ప్రకటించిరి. కవల దూడలలో దైవము చేసిన పనిని వారు కొంతకాలము చేయగలిగిరి. ఐదవవాని మూత్రపిండము మాత్రము నిలువలేదు. కాలేయము మార్చుకొనినవారిలో, ఏరికోరి యెన్నుకొనబడిన కొందరికి వైద్యులు కండ్లలో వత్తులు వేసికొని చూచుచు మెల్లమెల్లగా మందు తగ్గించి మానిపించిన దృష్టాంతములును కలవు. మూత్రపిండము విషయమున, తమంతట తాము మందు మానియు బ్రదికి బట్టకట్టినవారు లోకమంతటను బహు కొద్దిమందియే కనబడుచున్నారు. వారి మాట వ్యాపించును. మానివేసి మూత్రపిండమును పోగొట్టుకొనిన వేలమంది మాట వ్యాపింపదు.

నా యభిప్రాయమేమనగా, సహనమును గూర్చిన ఈ పరిశోధనను మన పిల్లలు ఆశతో చదువవలెను, వీలైనచో రేపు తామే చేయవలెను. అయితే ఈనాడు మచిలీపట్టణములో గాని నాగాయలంకలో గాని అవయవము మార్చుకొని యున్నవానికి ఆ సహనము మాత్రల సీసాలోనే యున్నది. మనమందరము ఆపరేషను దినమును పండుగ చేయుదుము. అవయవమును తీసికొనిపోవు బండికి పోలీసువారు దారి వదలించిన వార్తను చదివి పులకింతుము. పదవ యేట మూడువేల ఆరువందలవ దినపు మాత్రను గూర్చి ఎవరును వ్రాయరు. మూత్రపిండము పదేండ్లు నిలుచునా, ఇరువదేండ్లు నిలుచునా యనునది చాలవరకు ఆ మాత్రపై ఆధారపడి యున్నది.

ఆ మాత్రయు తులాదండముపై నుంచిన వస్తువు వంటిది. తగ్గినచో భటులు లేతురు. హెచ్చినచో అంటురోగములు ప్రవేశించును, కొందరికి చక్కెరవ్యాధి వచ్చును, ఆ మందే మూత్రపిండమును చెరుచును. కావుననే నెత్తుటిలో దాని పాలును మాటిమాటికి పరీక్షింతురు. మన పెరటి పంపరపనస సయితము టాక్రోలిమసు పాలును నెత్తుటిలో హెచ్చించుట చూడబడినది. క్షయకిచ్చు రిఫాంపిసిను దానిని మిక్కిలి తగ్గించివేయును. తెలిసినవారిచ్చిన ఆకుపసరులు, చూర్ణములు ఏమి చేయునో ఎవరికిని తెలియదు. కాబట్టి డాక్టరు నడుగకుండ పండైనను పసరైనను పుచ్చుకొనరాదు. ఇరుగుపొరుగువారు ప్రేమతో తెచ్చియిచ్చుదురు, ప్రేమతోనే వలదనవలెను.

ఇక మన సంఘములవారితో ఒక మాట. కొందరు నొచ్చుకొనవచ్చును, అయినను వ్రాయక తప్పదు. స్వస్థత కలిగిన తరువాత మందు మ్రింగుట అవిశ్వాసమని చెప్పు పెద్దలు మన గ్రామములలో కొందరున్నారు. ఆ బాలునికిని ఒకరట్లు చెప్పిరి. నా యుపమానమును ఆ బోధయు కలిసి వాని చేతిలోని మాత్రను పారవేయించినవి. అన్నము దేవుడే యిచ్చునని నమ్మువారు వరి నాటుట మానలేదు గదా! ఆపరేషనుకై సంఘమంతయు చందాలు వేసికొనినది, తిరిగి వచ్చినప్పుడు కృతజ్ఞతా కూటము జరిపినది. ఆ తల్లి నాతో చెప్పిన మాట యిది: "ప్రార్థనకి ఊరంతా వచ్చారండి మాష్టారూ. మందులు కొనే రోజున మాత్రం నేనూ వాడూనే." చందాలో సగమును ఆపరేషనుకును, సగమును తరువాతి మూడేండ్ల మందులకును ఆదియందే ప్రత్యేకించి యుంచినయెడల ఆ మూత్రపిండము నేటికిని పనిచేయుచుండెడిది కాదా?

మన దేశమున బ్రదికియుండి మూత్రపిండ మిచ్చువారిలో స్త్రీలే యెక్కువ, పుచ్చుకొనువారిలో పురుషులే యెక్కువ. తల్లులు, భార్యలు ఇచ్చుచున్నారు. ఇచ్చిన వస్తువు నిర్లక్ష్యముచే పాడైనప్పుడు వారికి రెండవది యిచ్చు వీలు లేదు. ఈ సంగతిని మగపిల్లలు ముఖ్యముగా ఆలోచింపవలెను. బ్రదికియున్నవారి నుండియే గాక, మెదడు మరణించినట్లు వైద్యులు నిర్ధారించినవారి నుండి అవయవములను స్వీకరించుటకు 1994 నాటి చట్టము వీలు కల్పించినది. మన రాష్ట్రమున జీవన్‌దాన్ అను వ్యవస్థ ఆ పనిని నడుపుచున్నది. ఆ జాబితాలో ఇప్పుడు మా బాలుని పేరును కలదు.

ప్రభుత్వము చేయుచున్నది లేకపోలేదు. మూత్రపిండము, కాలేయము, గుండె మార్పిడి జరిగిన బీదవారికి ఎన్.టి.ఆర్. భరోసా పింఛను 2024లో నెలకు 10,000 రూపాయలకు హెచ్చింపబడినది. ఇది చిన్న సాయము కాదు. తెలియని వారికి తెలుపుడు. ఉద్దానపు రోగులకొరకు పలాసలో 2023లో ప్రత్యేకముగా ఆసుపత్రి తెరువబడినది. మన పాత కృష్ణాజిల్లాలోనే ఎ.కొండూరు తండాలలో మూత్రపిండపు వ్యాధి కాపురముండుట అందరెరిగినదే. మచిలీపట్టణమున ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో వెలసినది. అవయవము మార్చుకొనినవారికి మాసమున కొకదినమైనను ప్రత్యేక వైద్యశాల నచ్చట నడపి, నెత్తుటిలో మందు పాలును పరీక్షించి, మాత్రల నుచితముగా అక్కడనే యిచ్చినయెడల, కోడూరు మొదలు గుడివాడ వరకు గలవారికి దూరప్రయాణము తప్పును. కూలి పోగొట్టుకొని బస్సెక్కి పట్టణమునకు పోవలసిన పరీక్షను బీదవాడు మొదట వాయిదా వేయును, పిమ్మట మరచును. పెద్ద యంత్రములకంటె ముందుగా ఈ చిన్న యేర్పాటును కోరుట మేలని నాకు తోచుచున్నది. తలిదండ్రులలో పలుకుబడి గలవారు దీనికై విన్నపము వ్రాయుదురేని నేనును సంతకము చేయుదును.

పాఠశాలలో మనము చేయదగినదియు ఒకటి కలదు. టాక్రోలిమసు మాత్రను సామాన్యముగా పండ్రెండు గంటల కొకమారు, తప్పక ఒకే వేళకు వేసికొనవలెను. మా బాలుని వేళ ఉదయము పది, రాత్రి పది. ఆపరేషను తరువాత పరీక్షలకు తిరిగి వచ్చిన ఆ కొద్ది నెలలును, ఉదయము పది గంటలకు వాడు రెండవ పీరియడులో నుండెడివాడు. లేచి నీళ్లు త్రాగి వచ్చుటకు సిగ్గుపడి, విరామపు గంట కొట్టువరకు మాత్రను జేబులోనే దాచుకొనెడివాడని వాని స్నేహితులు నాకు మొన్న చెప్పిరి. ఆ పీరియడు నాదే. కావున వేళతప్పని మందు పుచ్చుకొను విద్యార్థుల పట్టిక యొకటి ప్రతి తరగతి ఉపాధ్యాయునియొద్ద నుండవలెననియు, వారు అనుమతి నడుగకయే లేచి పోవచ్చుననియు రాబోవు ఉపాధ్యాయ సభలో నేను ప్రతిపాదింపనున్నాను. తలిదండ్రులు తమ పిల్లల మందు వేళలను తరగతి ఉపాధ్యాయునకు చీటీపై వ్రాసి పంపగోరుచున్నాను.